బేబీ వయసు

ప్రతి నెలా అయిదో తారీఖున పుష్పావతి ఆఫీసుకు అరగంట ముందే వెళ్ళేది. డబ్బాలో చిత్రాన్నం పెట్టుకుని, కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకుని, నగర్తపేట సందులోంచి వడివడిగా నడిచి బస్సు పట్టుకునేది. అయిదో తారీఖున హత్యలొస్తాయి.

కాగితాల మీదేలెండి. రాష్ట్రంలో ఉన్న పోలీసు స్టేషన్లన్నీ ఆ నెలలో హత్యకు గురైనవాళ్ళ వివరాలు ఆమె ఆఫీసుకు పంపేవి. పేరు, ఆడా మగా, వయసు, చంపిన కారణం. వాటిని ఆమె కంప్యూటరులో గడి గడికీ ఎక్కిస్తే, ఏడాదికొకసారి ఢిల్లీకి పోయి, అక్కడ దేశం మొత్తానికీ ఒక పుస్తకం అయ్యేవి. ఆ పుస్తకంలో పేర్లుండవు. పేరు పుష్పావతి దాకానే వస్తుంది, ఆమెను దాటితే అంతా అంకెలే. ఆ పేర్లను చివరగా చదివే మనిషి తనేనని తెలుసు గనక, ఇరవై ఆరేళ్ళుగా ఒక్కో పేరునీ పెదాలు కదిపి మరీ చదివేది. పక్క టేబుల్ దగ్గర కూర్చునే రేణుక, "మంత్రాలు చదువుతున్నారా మేడమ్?" అని ఆటపట్టించేది.

కాగితాలతోపాటు చెప్పులు కూడా వచ్చేవి.

కంప్యూటర్ గదిలోకి దుమ్ము రాకూడదని అందరూ చెప్పులు వరండాలోనే విడిచేవాళ్ళు. అయిదో తారీఖు పొద్దునకల్లా ఆ గోడ వారన పోయినవాళ్ళ చెప్పులు వరసగా నిలబడి ఉండేవి. తోలు చెప్పులు, రబ్బరు చెప్పులు, మడమ అరిగిన బూట్లు, ఒక్కోసారి బకిల్ ఊడిన స్కూలు బూట్లు. ఎవరి వివరాలు ఎక్కించి ఎంటర్ నొక్కితే వాళ్ళ జత వెళ్ళిపోయేది. ఊడ్చే మునివెంకటమ్మ, "కొంచెం జరుగప్పా, ఊడ్చుకోనీ" అంటూ ఒక్కో జతనూ ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టేది. వాటికోసం ఒక స్టాండు కావాలని ఎప్పుడో అర్జీ పెడితే, స్టాండు సిబ్బంది చెప్పులకు మాత్రమేనని రాసి తిప్పి పంపారు.

నడక రాని పిల్లలకు మాత్రం ఏమీ వచ్చేవి కావు. అలాంటి పేరు తగిలినప్పుడు పుష్పావతి కీబోర్డు మీంచి చేతులు తీసేసి కాసేపు ఊరికే కూర్చునేది. అంతకంటే ఏం చేయగలదు పాపం.

సెప్టెంబరు నెల కాగితాలప్పుడు వచ్చింది తంటా. అన్ని పేర్లూ ఎక్కించేసింది, లెక్క సరిపోయింది, వరండాలో ఒక జత మిగిలిపోయింది. నీలం హవాయి చెప్పులు. గీతల్లో సిమెంటు పట్టి ఉంది. ఎడమ చెప్పు పట్టీ తెగితే కిందనుంచి పిన్నీసు గుచ్చి ఉంది. అక్టోబరు చెప్పులొచ్చి వెళ్ళాయి, నవంబరువి వెళ్ళాయి, డిసెంబరువీ వెళ్ళాయి. ఆ జత కదల్లేదు. జల్లు కొట్టినప్పుడల్లా మునివెంకటమ్మ దానిమీద అట్టముక్క కప్పేది. పిన్నీసు తుప్పు పట్టింది.

"ఎవురో పాపం, పనిచేసుకునే ఆడమనిషివి. యాల పోలేదో అడిగి చూడక్కా" అనేది మునివెంకటమ్మ.

"ఎవుర్ని అడగల్లా? నా లెక్కలో అందురూ ఎక్కేసుండారు" అనేది పుష్పావతి. అనేది గానీ, ఇంటికి పోయేముందు ఆ జత దగ్గర ఆగకుండా ఏనాడూ వెళ్ళలేదు.

ఇలా ఉండగా జనవరి ముప్ఫై ఒకటి వచ్చింది. ఆ సాయంత్రం అయిదు గంటలకు పాత ఏడాది లెక్క మూసేస్తారు. మూశాక దాన్ని తెరిచే అధికారం ఎవరికీ లేదు. పుష్పావతికి పొద్దున కాఫీ కూడా దిగలేదు. వచ్చీ రాగానే సెప్టెంబరు పేర్లు మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. పన్నెండు గంటలప్పుడు ఒకచోట ఆమె పెదాలు ఆగిపోయాయి.

బేబీ. స్త్రీ. వయసు సున్నా. కారణం, దోపిడీ.

అత్తిబెలె దారిలో ఉన్న ఒక స్టేషన్ పంపిన వివరం అది. ఏ స్టేషనో ఇప్పుడెందుకు లెండి. ఈ పేరు దగ్గర తను చేతులు తీసి ఊరకున్న సంగతి ఆమెకు బాగా గుర్తుంది. ఆ రోజు పసిబిడ్డే అనుకుని బాధపడింది, చెప్పులు వెతకలేదు. ఇప్పుడు మాత్రం కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుంది. అప్పుడే పుట్టిన బిడ్డ దగ్గర దోచుకోవడానికి ఏముంటుంది?

ముళబాగిలులో ఆమె చిన్నత్త ఉంది. అరవై నాలుగేళ్ళు, ముగ్గురు మనవలు, నోట్లో ఎప్పుడూ ఆకువక్క. పేరు బేబీ. మన తెలుగువాళ్ళకు ఎన్నేళ్ళొచ్చినా బేబీ బేబీయే. ఈ కన్నడ ఆఫీసులో తెలుగు మనిషైన తనకే ఇది తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది? పుష్పావతికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

వెంటనే ఆ స్టేషన్‌కు ఫోను చేసింది. అక్కడ కాగితాలన్నీ రాసిపెట్టే కానిస్టేబుల్ సురేశ్ తీశాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఫైలు తెచ్చి చూశాడు.

"మేడమ్, ఆసుపత్రి చీటీలో 'బేబీ, స్త్రీ' అని అంతే ఉంది. వయసు రాయలేదు. గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదు. పేరు పెట్టని బిడ్డలకు ఆసుపత్రిలో అట్లే రాస్తారు కదా అని సున్నా కొట్టేసినాను."

"శవాన్ని నువ్వు చూడలేదా నాయనా?"

"లేదు మేడమ్, నేను టైపింగే." అతను కాగితాలు తిరగేశాడు. "ఫైల్లో ఫోటో ఉంది. పెద్దామె. తెల్లారుజామున పనికి పోతుంటే ఎవడో ఫోను లాక్కుని తల మీద కొట్టినాడు. బటన్ల ఫోను మేడమ్. ఆటోవాడు ఆసుపత్రికి తెస్తే, పేరొక్కటి చెప్పి పోయిందంట. ఎవరూ రాలేదని పూడ్చేసినారు. కుడి చేతి మీద 'రమేశ్' అని తెలుగులో పచ్చబొట్టు ఉందని రాసుంది."

పుష్పావతి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని రేణుక వైపు తిరిగింది. కనబడకుండా పోయినవాళ్ళ పట్టిక చూసేది రేణుకే. పెద్దవాళ్ళ పేర్లను అనాథ శవాలతో సరిపోల్చడం కూడా ఆమె పనే. ఈ బేబీ పసిపిల్లల్లో పడిపోయింది గనక ఆ సరిపోల్చడంలో ఎన్నడూ తగల్లేదు. రేణుక రెండు నిమిషాల్లో పట్టుకుంది.

"మేడమ్, మ్యాచ్ అవుతోంది. బేబీ, థర్టీ ఫోర్. మారతహళ్ళి దగ్గర కూలీల షెడ్లు. కంప్లైంట్ ఇచ్చింది తల్లి ఎల్లమ్మ. కుడి చేతి మీద భర్త పేరు పచ్చబొట్టు, నీలం హవాయి చెప్పులు, ఎడమ దానికి..." రేణుక చదవడం ఆపి వరండా వైపు చూసింది. "పిన్నీసు."

పై అధికారి నాగరాజ్ చెడ్డవాడేం కాదు. ముప్ఫై జిల్లాల పట్టికలు నెత్తిన పెట్టుకుని తిరిగే మనిషి. అంతా విని నిట్టూర్చాడు.

"అమ్మా, సున్నా వయసులోంచి ఒకటి తీసి, ముప్ఫై నాలుగులో ఒకటి కలుపుతారు. మొత్తం మారదు కదా? మారని టోటల్ కోసం ఈ రోజు పట్టిక విప్పేదా?"

"చెప్పులు పోలేదు సార్. నాలుగు నెల్లుగా నిలబడే ఉండాది ఆయమ్మ."

నాగరాజ్ లేచి వరండాలోకి వచ్చాడు. ఆ జతను వంగి చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. "అయిదు లోపల స్టేషన్ నుంచి దిద్దుబాటు ఉత్తరం రావాలి. ఇంటివాళ్ళు గుర్తుపట్టాలి. అది లేకుండా నేను సంతకం పెట్టలేనమ్మా."

నాలుగు గంటలకు సురేశ్ ఉత్తరం వచ్చింది. రేణుక ఫోను చేసి పిలిస్తే నాలుగుంబావుకు ఎల్లమ్మ వచ్చింది. కదిరి వైపు మనిషి, ఎండిన ముఖం, కొంగు భుజం చుట్టూ బిగించి కట్టుకుంది. పక్కన బేబీ కూతురు, పదేళ్ళ మౌనిక. స్కూలు యూనిఫాం వేసుకుంది గానీ సంచీ లేదు. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో పుష్పావతి వాళ్ళు వచ్చేదాకా ఆలోచించుకుని పెట్టుకుంది. ఒక్క మాటా అవసరం లేకపోయింది. వరండా మలుపు తిరగ్గానే ఎల్లమ్మ ఆ చెప్పుల్ని చూసి, అక్కడే చతికిలబడి, పిన్నీసు మీద వేలు పెట్టింది.

"నేనే గుచ్చినా. ఆ పొద్దు ఇంగ కొత్తవి కొనుక్కోవే అంటే, కూలి రానీలే మా అనె." అని రెండు చేతుల్తో నోరు మూసుకుంది. ఏడుపు వేళ్ళ సందుల్లోంచి వచ్చింది. మునివెంకటమ్మ చీపురు పక్కన పడేసి వచ్చి ఆమెను పట్టుకుంది. పుష్పావతి జరిగింది జరిగినట్టు చెప్పేసింది, తన ఆఫీసు ఆమెను పసిబిడ్డగా లెక్క పెట్టుకున్న సంగతితో సహా.

"సచ్చిపోయిందా తల్లీ నా బిడ్డ! ఎన్ని మాటలంటిమో దాన్ని" అంది ఎల్లమ్మ. "అల్లుడు పోయి మూడేండ్లాయె. ఫోను ఆపేసినాదంటే, ఎవునితోనో లేచిపోయినాదని షెడ్డంతా ఒకటే మాట. ఇనీ ఇనీ మా నోటికీ అదే వచ్చె. ఈ పిల్ల బడికి పోవడం మానేసె సామీ. లేచిపోయినదాని కూతురని ఆడ పిలకాయలు అంటాండారంట. పొద్దున గుడ్డలేసుకుని బయటికొస్తాది, పోయి బస్టాపులో కూసుంటాది. దిగే ఆడోళ్ళ మొగాలన్నీ చూస్తాది. ఊరికి పోదాం రావే అంటే, అమ్మ వస్తే మనం యాడుండామని తెలుస్తాదా అంటాది."

మౌనిక ఏడవలేదు. చెప్పుల్ని చూస్తూ ఉంది.

"ఎప్పుడొచ్చినాయి ఇవి?" అని అడిగింది.

"సెప్టెంబరు లెక్కతో వచ్చిండాయి" అంది పుష్పావతి.

"ఆపొద్దు నుంచీ ఇక్కడేనా? ఎక్కడికీ పోలేదా?"

"ఎక్కడికీ పోలేదమ్మా."

ఆ పిల్ల ముఖంలో ఏదో వదులైంది. నాలుగు నెలలుగా పళ్ళ బిగువున పట్టుకున్నదేదో జారినట్టుంది. "అయితే మా అమ్మ లేచిపోలేదు" అంది మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

లోపల నాగరాజ్ సంతకం పెట్టాడు. ఎల్లమ్మ వేలిముద్ర వేసింది. పది నిమిషాలు తక్కువ అయిదు. పుష్పావతి కంప్యూటర్ ముందు కూర్చుని సున్నాను చెరిపి ముప్ఫై నాలుగు కొట్టింది, ఎంటర్ మాత్రం నొక్కలేకపోయింది. లేచి బయటికొచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇరవై ఆరేళ్ళలో ఎవర్నీ ఈ మాట అడగలేదు.

"నేను ఇది నొక్కితే చెప్పులు పోతాయమ్మా. మళ్ళా రావు."

"యాడికి పోతాయి?"

"తెలీదు తల్లీ. మీయమ్మ పోవాల్సిన తావుకు."

"నొక్కకపోతే?"

"ఇక్కడే ఉంటాయి. మీయమ్మ కూడా ఇట్లే నిలబడే ఉంటాది."

మౌనిక చాలాసేపు ఆలోచించింది. నాగరాజ్ గడియారం చూశాడు. ఆ పిల్ల తన యూనిఫాం భుజం దగ్గరున్న కొత్త పిన్నీసు తీసింది. ఎడమ చెప్పు తిరగేసి, తుప్పు పట్టినదాన్ని జాగ్రత్తగా లాగేసి, కొత్తది గుచ్చింది. పట్టీ లాగి చూసింది, గట్టిగానే ఉంది. పాత పిన్నీసును తన భుజానికి పెట్టుకుంది. తర్వాత గోడవైపు తిరిగి ఉన్న చెప్పుల్ని ఎత్తి, మెట్లవైపు తిప్పి, పక్కపక్కన సర్దింది. లోపల్నుంచి వచ్చేవాళ్ళు చూసుకోకుండానే కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయేలాగా.

"ఇప్పుడు నొక్కండి ఆంటీ. వట్టి కాళ్ళతో పోతే సిమెంటుకి అమ్మకు పుండ్లైతాయి."

పుష్పావతి లోపలికెళ్ళి, పెదాలు కదిపి "బేబీ" అని చదివి, ఎంటర్ నొక్కింది. తిరిగి చూసేసరికి గోడ వారన ఏమీ లేదు. నాలుగు నెలలుగా చెప్పులున్న చోట ఎండా జల్లూ తగలని రెండు లేత గుర్తులున్నాయి. ఆ సాయంత్రం మునివెంకటమ్మ అక్కడ ఊడవలేదు.

నాగరాజ్ అన్నట్టే మొత్తం మారలేదు. అయిదు గంటలకు లెక్క మూసేశారు. పాతిపెట్టిన చోటు రేపు చూపిస్తానని సురేశ్ ఫోన్లో ఎల్లమ్మకు మాటిచ్చాడు. అక్కడినుంచి అటే ఊరికి పోదామని అమ్మమ్మ అంటే మౌనిక వెంటనే సరేనంది, ఎల్లమ్మ నమ్మలేనట్టు చూసింది. మెట్లు దిగబోతూ ఆ పిల్ల ఆగి వెనక్కి తిరిగింది.

"ఆంటీ, ఊరికి పోయేముందు ఒకసారి బడికి పోయి చెప్పొచ్చా?"

"ఏమని చెప్తావమ్మా?"

"మా అమ్మ లేచిపోలేదు, చచ్చిపోయిందని."

పుష్పావతి తల ఊపింది. మౌనిక ముఖం విప్పారింది. పరీక్ష పాసైన పిల్లలాగా మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కిందికి పోయింది. "మెల్లగే, పడతావే" అంటూ ఎల్లమ్మ గోడ పట్టుకుని వెనకాలే దిగింది. పుష్పావతి వరండాలో ఆ రెండు గుర్తులు తొక్కకుండా పక్కకు జరిగి, వాళ్ళు గేటు దాటేదాకా నిలబడి ఏడ్చింది.