సరంగు గొంతు

ఎబో గొంతు పుట్టుకతోనే మెత్తనిది. వాళ్ళ నాన్న అంకోమా గొంతు అలాంటిది కాదు. ఆయన పడవ వెనక నిలబడి కేకేస్తే, ఒడ్డున చేపలు పొగబెట్టే ఆడవాళ్ళు కూడా తలెత్తి చూసేవారు. కేప్ కోస్ట్‌కు దిగువనున్న ఆ ఫాంటీ జాలర్ల పల్లెలో ఆయన పద్దెనిమిదేళ్ళు సరంగుగా ఉన్నాడు. నడిసముద్రంలో ఆయన మాటకు ఎదురు ఉండేది కాదు. అన్నేళ్ళలో ఒక్క మనిషినీ పోగొట్టుకోలేదు. ఆయన పోయాక పడవా, వలా, తొమ్మిదిమంది మనుషులూ ఎబో చేతికొచ్చారు.

పక్క పడవ సరంగు ఓటూ మాత్రం అందరినీ అడిగి నడిపేవాడు. తూర్పుకా పడమరకా అని వాళ్ళు వాదులాడుకుంటుండగానే చేపల గుంపు దాటిపోయేది. ఊళ్ళో వాళ్ళ పడవను 'పంచాయతీ' అని వెక్కిరించేవారు. ఆ నవ్వు తన మీద పడకూడదనుకున్నాడు ఎబో. నాన్నలాగే ఉండాలని నిశ్చయించుకున్నాడు.

మొదటి వారంలోనే, వల వదలమని కేకేయబోతే గొంతు జీరబోయింది. పడవలో నీళ్ళు తోడే కక్రా ఫక్కున నవ్వాడు.

"సరంగు గారికి జలుబు చేసినట్టుంది."

అందరూ నవ్వారు. ఒడ్డుకు చేరాక ఎబో అతన్ని ఆడవాళ్ళందరి ముందూ నిలబెట్టాడు. "నీ పని నీళ్ళు తోడటం. ఇకమీద అడిగితేనే నోరు విప్పు. లేదంటే ఇంకో పడవ చూసుకో."

కక్రా కవల అన్న, అదే పడవలో పనిచేసే పాన్యిన్ కల్పించుకున్నాడు. "పోనీలేరా, కలిసి పెరిగినవాళ్ళం."

"సముద్రం మీద స్నేహాలుండవు," అన్నాడు ఎబో. అది నాన్న మాటే. అన్నాక తృప్తిగా కూడా అనిపించింది.

ఆనాటి నుంచి పడవలో ఎవరూ నవ్వలేదు. చెప్పింది చెప్పినట్టు జరిగిపోయేది.

ఆగస్టులో ఒక బుధవారం వలలో చేపలు బరువుగా పడ్డాయి. ఇంకా లాగమని ఎబో కేకలేస్తూనే ఉన్నాడు. మోటారు పక్కన పలకల అతుకు విచ్చుకుంది. తోడే నీళ్ళకన్నా వచ్చే నీళ్ళే ఎక్కువయ్యాయి. కక్రా రెండుసార్లు తలెత్తి చూశాడు. ఎబో ఆ చూపు గమనించాడు కూడా. "వంగి తోడు," అన్నాడు. కాసేపటికి పడవ ఒక పక్కకు ఒరిగి బోర్లాపడింది.

ఓటూ మనుషులు వచ్చి తొమ్మిదిమందిని పైకి లాగారు. పాన్యిన్ వల కింద ఉండిపోయాడు. నాలుగో రోజున పక్క ఊరి ఇసుక మీద దొరికాడు.

మట్టి చేసిన మర్నాడు ఎబో వాళ్ళింటికి వెళ్ళాడు. కక్రా పెరట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నీళ్ళు ఎక్కువవుతున్నాయని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"అడిగితేనే మాట్లాడమన్నావు కదా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు చెప్పాడు. "అన్న కూడా చూశాడు. వద్దని కళ్ళతో సైగ చేశాడు, మళ్ళీ నన్ను తిడతావని."

ఎబో అక్కణ్ణించి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. దారిలో బాబాయి బాదూ తన ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నాన్న కాలం నుంచీ ఆ పడవలోనే ఉన్న మనిషి.

"నాన్న నడిపిందీ ఇలాగే కదా బాబాయ్?"

"మీ నాన్న నీళ్ళ మీద అరిచేవాడు. ఒడ్డుకొచ్చాక మా గుమ్మాల్లో కూర్చుని, ఇవాళ నేనేం తప్పు చేశానురా అని అడిగేవాడు. చెప్పేదాకా లేచేవాడు కాదు. మా ఇంట్లో వండిన మొక్కజొన్న కెంకీ ఉండలు రెండు మింగి, మా తిట్లన్నీ విని పోయేవాడు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"తన తప్పులు కొడుక్కి చెప్పుకుంటాడా ఎవడైనా?" బాదూ వలలో ఇంకో ముడి వేశాడు. "ఆ రోజు నీళ్ళు నేనూ చూశాను. నేనైనా చెప్పాల్సింది." తల మాత్రం ఎత్తలేదు.

ఆచారం ప్రకారం మంగళవారం ఎవరూ సముద్రంలోకి వెళ్ళరు. ఆ రోజు జాలర్ల పెద్ద ముందు ఊరంతా కూడినప్పుడు ఎబో లేచి నిలబడ్డాడు. కేకేయలేదు. వెనకవాళ్ళు వినడానికి ముందుకు జరగాల్సి వచ్చింది.

"పాన్యిన్ చావు సముద్రం తప్పు కాదు. నేను వీళ్ళ నోళ్ళు కట్టేశాను. పడవ మునుగుతోందని చెప్పడానికి కూడా భయపడ్డారు."

కవలల తల్లి అరాబా లేచింది. "ఇది చెప్పి నీ బరువు దించుకున్నావు. నా బరువో?" అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎన్నడూ ఆ పడవ చేపలు ముట్టుకోలేదు. తప్పు ఒప్పుకునే సరంగు మాకొద్దని పడవ మనుషుల్లో ముగ్గురు మానేశారు. కక్రా వడ్రంగం నేర్చుకుంటానని టకొరాడీ పట్నం వెళ్ళిపోయాడు, ఎబోతో ఒక్క మాటైనా చెప్పకుండా.

పడవను ఒడ్డుకు లాగి బాగుచేయించేసరికి మిగిలింది నలుగురు. బయల్దేరే ముందు ఎబో ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగేవాడు. అందరి మాటా విన్నాక ఒక్క మాటలో తేల్చేవాడు. ఒక తెల్లవారుజామున బాదూ, గాలి తనకు నచ్చలేదన్నాడు. మిగతా ముగ్గురూ పోదామన్నారు.

"వద్దు," అన్నాడు ఎబో. "నిర్ణయం నాది. తిట్టాలంటే నన్నే తిట్టండి."

ఆ రోజు గాలి రాలేదు. మిగతా పడవలన్నీ నిండుగా తిరిగొచ్చాయి. ముగ్గురూ ఇసుకలో కూర్చుని ఎబోని మొహం మీదే తిట్టారు, ఒకరి తర్వాత ఒకరు, కడుపుమంట తీరేదాకా. అతను అడ్డు చెప్పకుండా అంతా విన్నాడు. ఈ తిట్లలో ఒక్కటి ఆ బుధవారం వినిపించి ఉంటే ఎంత బాగుండేదనుకుంటూ, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.