పడమటి నీడ

కిషన్‌బాగ్‌లో ఎల్లయ్య సాయంత్రం పాలు పితికే వేళకు సాలం చావూష్ వచ్చి కొట్టం ముందు కూర్చునేవాడు. అందరి నీడలూ తూర్పుకు సాగితే అతనిది మాత్రం పొద్దుకు ఎదురుగా, పడమటికి పడేది. తాత అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజులోకి వచ్చాడు కదా, నీడ ఆ దిక్కే చూస్తుందని వీధిలో అనుకునేవారు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు. బర్రెలు దాన్ని తొక్కుకుంటూ పోయేవి.

సాలం ఆ దేశం ఎన్నడూ చూడలేదు. పురిట్లోనే తల్లి పోతే, ఎల్లయ్య తల్లి కొమురమ్మ తన పాలిచ్చి ఇద్దరినీ సాకింది. ఒక తల్లి పాలు తాగినవాళ్లు అన్నదమ్ములేనని, అరబ్బు సిపాయిల వంశంవాళ్లైన చావూషుల కట్టుబాటు. చాయ్ హోటల్ రేడియోలో అరబ్బీ మాటలు విని కుర్ర చావూషులు "మనం అరబ్బులం, మనదొక జాతి" అనడం మొదలుపెట్టాక, సాలం కూడా తన నీడను చూసుకుని మురిసేవాడు.

"నీడ అరబ్బుకు పోతది, నువ్వు మాత్రం పెరుగుకు మా ఇంటికొస్తవ్," అని ఎల్లయ్య ఆటపట్టించేవాడు.

నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయింది. చావూషులను అరబ్బు దేశానికి ఓడలెక్కించడానికి కొత్త సర్కారువాళ్లు పేర్లు రాస్తున్నారు. ఇక్కడివాడేనని ఎవరైనా సాక్ష్యం చెబితే ఉండనిస్తారట. సాలం ఎల్లయ్య పేరు చెప్పాడు. ఎల్లయ్యను పిలిపించారు.

"ఈయన నీకేమైతడు?" అని గుమాస్తా సాలంను చూపిస్తూ అడిగాడు.

వెనక బస్తీ జనం నిలబడి చూస్తున్నారు. చావూషుల దోస్తులను కూడా ఠాణాకు తీసుకుపోతున్నారని పుకారు. ఎల్లయ్య సాలం వైపు చూడకుండా చెప్పాడు.

"ఏంగాడు సాబ్. పాలు పోస్తుంటి, గంతే. ఆ నీడ జూడుండ్రి, ఎటు పోతున్నదో."

సాలం తలపాగా సర్దుకుని ఓడకు పోయేవాళ్ల వరుసలోకి వెళ్లిపోయాడు.

సంగతి విని కొమురమ్మ కొడుకు ముఖం చూడలేదు. "నా పాలు గూడ అబద్ధమేనారా?" అంది.

ఏడాదికి సాలం దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ చదివి వినిపించాడు.

"అన్నా, ఈడ నా నీడ పొద్దుగాల గూడ తూర్పుకే పడుతున్నది. అందరు నన్ను హింద్ వాడంటున్నరు. నీకెవరున్నరని అడిగితే నీ పేరే చెప్తున్న. అమ్మ పానం మంచిగున్నదా?"

తిట్టి రాసినా బాగుండేది. ఎల్లయ్య సిగ్గుతో తల ఎత్తలేక, చెంబు పట్టుకుని కొట్టంవైపు నడిచాడు. పొద్దు గూకుతోంది.

"ఎల్లయ్యా, కింద జూడు," అంది కొమురమ్మ.

అతని నీడ పొద్దుకు ఎదురుగా, పడమటికి పడి ఉంది.

మర్నాటి నుంచి పాలకొచ్చినవాళ్లు అతణ్ణి చావూష్ ఎల్లయ్య అని పిలవసాగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఈసారి అతనూ కాదనలేదు.