సౌజన్య తాగిన నీళ్ళు

మా ఉద్దానంలో అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా క్రియాటినిన్ అనే మాట వచ్చు. వేరే ఊళ్ళలో మనిషి ఎదురైతే "బాగున్నావా" అంటారు. మా ఊళ్ళో "ఎంతుంది?" అంటారు. కిడ్నీ జబ్బు తగలని వీధి మా దగ్గర లేదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తంలో ఉండే ఆ అంకె చెబుతుంది. ఒకటి దగ్గర ఉంటే ఆ మనిషి బాగున్నట్టు. రెండు దాటితే ఇంక ఏమీ అడగరు, వచ్చి పక్కన కూర్చుంటారు.

అంత పేరున్న అంకె మా సౌజన్యకి ఎంతో ఎవరికీ తెలీదు. ఇరవై ఆరేళ్ళు వచ్చినా అది ఒక్కసారి కూడా పరీక్షకి రక్తం ఇవ్వలేదు. ఊళ్ళో క్యాంపు పెట్టిన ప్రతిసారీ దానికి పలాసలో స్కూలు ఉండేది. క్యాంపు ఆదివారం పెట్టినా స్కూలు ఉండేది. ఇది నా పోలికే. క్యాంపు రోజున నేనూ సముద్రం మీదే ఉంటాను, చేప ఉన్నా లేకపోయినా.

సౌజన్య నా కూతురి కూతురు. అమ్మానాన్నలు గుజరాత్ బోట్ల పనికి పోతే మా దగ్గరే పెరిగి, చదువుకుని, పలాసలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. ఈమధ్య గల్ఫ్‌లో ఒక స్కూలు వాళ్ళు ఫోన్లోనే ప్రశ్నలడిగి, ఉద్యోగం ఇస్తామన్నారు. వెనకే ఒక కాగితం పంపారు. బయటి దేశం నుంచి వచ్చే టీచర్లు ఛాతీ ఎక్స్‌రే, రక్తం, మూత్రం పరీక్షలు చేయించుకోవాలట. అదీ విశాఖలో వాళ్ళు చెప్పిన సెంటర్లోనే. వచ్చే శుక్రవారంలోగా 'ఫిట్' అన్న ముద్ర పడకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

కాగితం చదివి పిల్ల మొహం ఎండుచేపలా అయిపోయింది.

"నేనెళ్ళను తాతా."

"ఎందుకే? అక్కడి పిల్లలకి లెక్కలు రావనా, నీకే రావనా?"

"రక్తం తీత్తారు."

"తీసి దాసుకుంటారేటి? సూసి పారేత్తారు."

అది నవ్వలేదు. "అంకె ఎక్కువొత్తే? ఉద్యోగం పోతే పోయింది తాతా. ఆ అంకె తెలిసిపోద్ది కదా. తెలిసాక మళ్ళీ తెలీనట్టు ఉండలేం కదా."

నా కథలతో తేలే పని కాదిది. అందుకని దాలమ్మని పిలిచాను.

దాలమ్మ నా భార్య బొడ్డమ్మకి చెల్లెలు, మా పక్కిల్లే. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటుంది. రోజుకి ఇన్ని గ్లాసుల నీళ్ళే తాగాలని డాక్టరు ఆమెకి లెక్క కట్టాడు. కిడ్నీ సంగతుల్లో మా వీధికి దాలమ్మ మాటే కలెక్టరు మాట.

"ఒలే సౌజన్యా, బయపడకు" అంది. "మూడు దినాలు నాను సెప్పినట్టు సెయ్యి. ఎండుసేపలు ముట్టుకోకు. నొప్పుల బిల్లలు మింగకు. నీళ్ళు తాగు. లోపలంతా కడిగినట్టయిపోవాల."

ఇంక చూడండి. శుక్రవారం మొదలుపెట్టి ఆదివారం దాకా దాలమ్మ గ్లాసు పట్టుకుని దాని వెనకే తిరిగింది. తను తాగకూడని నీళ్ళన్నీ దానిచేత తాగించింది. నిండా పోసిన గ్లాసు అందించి, అది గుటక వేస్తుంటే తనూ ఉత్తి గుటక వేసేది. మా మేనల్లుడు కూర్మయ్య గెల కొబ్బరిబొండాలు దింపాడు. బొడ్డమ్మ బార్లీ కాచింది. పిల్ల నడుస్తుంటే కడుపులో అలలు కొట్టుకుంటున్న చప్పుడు నా చెవులతో నేను విన్నాను.

సోమవారం పొద్దున్న పలాసలో రైలెక్కాం. విశాఖ దాకా ఉన్న స్టేషన్లన్నీ నేను కిటికీలోంచి చూశాను, అది బాత్రూం తలుపు సందులోంచి చూసింది. సెంటర్లో ఎక్స్‌రే తీశారు, రక్తం తీశారు. సీసా ఇచ్చి మూత్రం పట్టి తెమ్మంటే, ఇలా వెళ్ళి అలా వచ్చింది.

"సూసావేటి, ఎంత తొందరగా తెచ్చీసిందో" అన్నాను పక్కాయనతో. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం సెంటరు నుంచి నాకు ఫోను వచ్చింది. స్కూల్లో ఫోను తియ్యనివ్వరని సౌజన్య నా నంబరు కూడా రాసింది.

"సౌజన్య గారి శాంపిల్లో క్రియాటినిన్ చాలా తక్కువ వచ్చిందండి. శుక్రవారం మళ్ళీ రావాలి" అంది అవతలి అమ్మాయి.

"ఎంత తక్కువ తల్లీ?"

"ఇంత తక్కువ మేం ఎప్పుడూ చూడలేదండి."

ఆ తర్వాత ఆ అమ్మాయి ఇంకా ఏదో చెప్పింది. నాకు వినపడితే కదా! ఉద్దానంలో పుట్టిన మనిషికి క్రియాటినిన్ తక్కువని ఫోను చేసి మరీ చెప్పారంటే మాటలా? లేచి వీధిన పడ్డాను. మొదటి ఇంటి దగ్గర తక్కువన్నాను. రెండో ఇంటి దగ్గర సున్నా అన్నాను. వలలు బాగుచేసుకునే పాక దగ్గరికి చేరేసరికి సున్నాకి కూడా కిందకి దించేశాను.

"మరి మళ్ళీ ఎందుకు రమ్మన్నారు మావా?" అన్నాడు కూర్మయ్య. వాడికి ఇలాంటి పాడు అనుమానాలెక్కువ.

"ఏటా పెశ్న? పెద్ద డాక్టర్లకి సూపించుకోడానికి! ఇలాటి మనిసి దొరికితే వొదిలేత్తారేటి?"

బొడ్డమ్మ అరిసెలు వండింది. దాలమ్మ అరుగు మీద నిటారుగా కూర్చుని, ఎన్ని గ్లాసులు పోసిందో వచ్చినవాళ్ళందరికీ వేళ్ళమీద లెక్క చెప్పింది.

సాయంత్రం సౌజన్య బస్సు దిగేసరికి సగం ఊరు ఎదురెళ్ళింది. అది నమ్మలేదు. నన్ను ఎరిగిన పిల్ల కదా. ఇంటికి రాగానే సెంటరుకి ఫోను చేసింది. వింటూ వింటూ అరుగు మీద కూలబడింది.

"తాతా, అది రక్తం లెక్క కాదు. మూత్రం లెక్క."

"ఏదైతేనేటి? తక్కువే కదా!"

"రక్తంలో ఎక్కువుండకూడదు. మూత్రంలో ఉండాల. అందులోంచే కదా బయటికి పోవాల! నా సీసాలో నీళ్ళు తప్ప ఏటీ నేదంట. మత్తుమందు అలవాటు దాసడానికి నీళ్ళు కలిపి ఇచ్చాననుకున్నారు. శుక్రవారం కూడా ఇలాగే ఉంటే అన్‌ఫిట్ అని రాసేత్తారంట."

"మరి రక్తం?"

"అన్నీ కలిపి ఆ రోజే ఇత్తారంట."

అందరి చేతుల్లో అరిసెలు అలాగే ఉండిపోయాయి. కూర్మయ్య ఒక్కడే తినడం ఆపలేదు.

"నానే ముంచేసినాను తల్లీ" అంది దాలమ్మ.

"నిజంగానే ముంచేసావు చిన్నమ్మమ్మా. ఈత వచ్చు కాబట్టి బతికాను" అంది సౌజన్య. నవ్వించడానికే అంది గానీ, దాని మొహంలో నవ్వు లేదు.

మామూలుగా తాగమని సెంటరు వాళ్ళు చెప్పారు. కానీ భయపడ్డ మనిషికి మామూలు అనేది ఎక్కడుంటుంది? శుక్రవారం పొద్దున్న చుక్క ముట్టకుండా రైలెక్కింది. పెదాలు ఎండిపోతున్నాయి. రైలు నౌపడ దాటుతుంటే ఉప్పుమళ్ళు కనబడ్డాయి. దాని మనసు మళ్ళించాలని మొదలుపెట్టాను.

"నా సిన్నతనంలో ఇక్కడ ఎంత ఉప్పు పండేదో తెలుసా? గాలేసిందంటే రైల్లో కిటికీ పక్క కూర్చున్నోళ్ళు నౌపడలో మనుసులుగా ఎక్కి, సీకాకుళం రోడ్డు టేసన్లో ఎండుసేపలుగా దిగీవోరు."

"తాతా, నీకు దండం పెడతాను. ఉప్పు గురించి కాకుండా ఇంకేటైనా సెప్పు."

సెంటర్లో ఈసారి ఒకాయన బాత్రూం బయట కాపలా నిలబడ్డాడు. సీసా తీసుకుని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. మా ఊళ్ళో రొయ్యలు కొనేవాడు కూడా అంత చూడడు. మధ్యాహ్నానికి కవరు ఇచ్చారు.

సౌజన్య కవరు విప్పలేదు. స్టేషన్లో బెంచీ మీద కూర్చుని నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వు సదువు."

నాది ఐదో తరగతి. ఇంగ్లీషు ఏబీసీడీల దగ్గరే ఆగిపోయింది. అయినా ఆ ఒక్క మాట ఏ కాగితంలో ఎక్కడున్నా మా ఊరివాళ్ళం పట్టేస్తాం. వేలు పెట్టి వరసగా దిగాను. దొరికింది. ఎదురుగా అంకె చూశాను. ఇంకెప్పుడైనా అయితే "నాలుగుంది" అని కాసేపు ఏడిపించేవాణ్ణే. తలెత్తి చూస్తే అది చున్నీ కొసని వేలికి చుట్టి చుట్టి బిగించేసింది. వేలు తెల్లబడిపోయింది.

"సున్నా పాయింట్ ఏడు" అన్నాను. నా జన్మలో ఒక అంకెని పెంచకుండా తగ్గించకుండా చెప్పింది అప్పుడే.

"నిజంగా?"

"దాలమ్మ మీద ఒట్టు."

"చిన్నమ్మమ్మ మీదెందుకు? నీ మీద ఒట్టెయ్యి!" అంటూనే కాగితం లాక్కుంది. చూసింది. ఇంకోసారి చూసింది. నా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, ఎత్తింది దించకుండా లీటరూ గటగటా తాగేసింది. అడుగున 'ఫిట్' అని ముద్ర ఉందని రైలెక్కాక గానీ మేమిద్దరం చూసుకోలేదు.

ఊళ్ళోకి వెళ్ళి చెబితే ఒక్కడూ నమ్మలేదు. "మొన్న సున్నాకి కింద అన్నావు, ఇయాల పైకొచ్చిందేటి?" అన్నాడు కూర్మయ్య. దాలమ్మ ఎవరి మాటా వినకుండా కాగితం చేతిలోకి తీసుకుంది. చదువు లేదు గానీ ఇలాంటివి ఎన్ని చూసిందో. వేలు ఆ అంకె మీద ఆగింది. చాలాసేపు తియ్యలేదు.

లోపలికి వెళ్ళి గ్లాసుతో వచ్చింది. "ఇది ఇయాల్టి నా నీళ్ళు. సగం నువ్వు తాగు, సగం నాను తాగుతాను" అంది. ఈసారి ఆ పిల్ల గుటక వేస్తుంటే దాలమ్మ ఉత్తి గుటక వెయ్యలేదు.

తర్వాత గ్లాసు దించి నా వైపు తిరిగింది. "మరి నీకెంతుంది బావా?"

వచ్చే గురువారం మా ఊళ్ళో క్యాంపు. లిస్టులో మొదటి పేరు పోలారావు, అంటే నేనే. సౌజన్యే స్వయంగా రాయించింది. ఆ రోజు సముద్రంలో చేప విపరీతంగా పడుతుందని నాకు గట్టి కబురుంది. కానీ నిన్నటి నుంచీ నా పడవ తెడ్డు కనబడటం లేదు. బొడ్డమ్మని అడిగితే అరిసె తింటావా అంటోంది.