ఇరవయ్యేడో నంబరు కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక షెడ్డులో యంత్రం నన్ను రేకులోంచి గుండ్రంగా కత్తిరించింది. ఇంకో యంత్రం ఒక్క దెబ్బతో అంచు లేపింది. తర్వాత నరసరావుపేటలో ఒక సామాన్ల కొట్టు అలమరలో, నాలాంటివాటి మధ్య, ఎవరు కొంటారా అని చూస్తూ కూర్చున్నాను. మనుషులు వచ్చి వేలితో కొట్టి మోత వినేవారు. అరచేతిలో పెట్టి బరువు చూసేవారు. అంతా అయ్యాక పక్క కొట్టుకు పోయేవారు.

బాలశౌరి మాస్టారు మాత్రం నన్ను వేలితో కొట్టలేదు. ఆయన మెట్టపాలెం బడిలో లెక్కలు చెప్పేవారు. జేబులోంచి ఒక కాగితం తీసి, పిల్లల చేత చదివించినట్టు పదం పదం విడగొట్టి చదివారు. తెల్ల చీరలు నాలుగు, దుప్పటి ఒకటి, కంచం ఒకటి, గ్లాసు ఒకటి. ప్రతి వస్తువు మీదా నంబరు ఉండాలి.

"అమ్మాయి పేరు కొట్టమంటారా మాస్టారూ?" అన్నాడు కొట్టతను.

"పేరు వద్దు. ఇరవయ్యేడు అని కొట్టండి."

"పెళ్ళి సామానుకు నంబరేందండీ!"

"పెళ్ళి కాదు" అన్నారు మాస్టారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆయన పెద్ద కూతురు లూర్దు మేరి గుంటూరులో ఒక మఠంలో చేరబోతోంది. సిస్టరు కావడానికి వచ్చే ప్రతి పిల్లకూ అక్కడ ఒక నంబరు ఇస్తారు. బట్టలు, మంచం, కంచం అన్నీ ఆ నంబరుతోనే తిరుగుతాయి. అలా నా అడుగున సూది యంత్రంతో చుక్కలు చుక్కలుగా 27 అని కొట్టారు. నా ఒంటి మీద ఉన్న రాత అదొక్కటే.

లూర్దు మేరి పదకొండేళ్ళు నాలో అన్నం తిన్నది. తిన్నాక చూపుడు వేలితో నా అంచంతా ఒకసారి తుడిచి నాకేది. "సిస్టర్, మీ కంచం కడగక్కర్లేదు" అని తోటి సిస్టర్లు ఎగతాళి చేసేవారు. ఆమె ఇంకోసారి తుడిచి చూపించేది.

నెలనెలా రెండో ఆదివారం మాస్టారు బస్సెక్కి వచ్చేవారు. మఠం ముందుగదిలో ఒక బల్ల ఉంది. దాని ఎడమ చివర ఆయన కూర్చునేవారు, కుడి చివర కూతురు. మధ్యలో జంతికల పొట్లం. వాళ్ళిద్దరూ ఎక్కువ మాట్లాడుకోగా నేను వినలేదు. నాలుగు గంటల బస్సుకు ఆయన లేచేవారు.

తర్వాత ఆమెను ఏజెన్సీలో మఠం నడిపే బడికి పంపారు. నేనూ వెంట వెళ్ళాను. ఆ ఏటి వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. దాని గురించి ఎక్కువ చెప్పను. మూడు రోజులు నాలో గంజి పోశారు. మూడో రోజు పోసింది పోసినట్టే ఉంది. ఆమెకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు.

మనుషుల ప్రేమకు ఒక వింత అలవాటు ఉంది. దేన్ని వాడుకోవాలో దాన్ని దాచిపెడతారు. నన్ను గుంటూరుకు తీసుకొచ్చి ముందుగదిలో అద్దాల బీరువాలో నిలబెట్టారు. ఒక పక్క మఠం స్థాపించిన మదరుగారి కళ్ళజోడు, ఇంకో పక్క ఎవరో బిషప్పుగారి కలం. నా ముందు ఒక చీటీ: 'సిస్టర్ లూర్దు మేరి వాడిన కంచం'. శనివారం శనివారం పొడిగుడ్డతో తుడిచేవారు. చూడటానికి వచ్చినవాళ్ళు చేతులు జోడించేవారు. ఎండిన మెతుకు కూడా అంటకుండా రెండేళ్ళు మెరిశాను. ఆ మెరుపంటే నాకు ఇప్పటికీ అసహ్యం.

మాస్టారు రావడం మానలేదు. రెండో ఆదివారం వచ్చి బల్ల ఎడమ చివర కూర్చునేవారు. కుడి చివర ఖాళీ. సిస్టర్లు టీ ఇచ్చేవారు. ఆయన టీ తాగి, అద్దంలోంచి కాసేపు నన్ను చూసి, నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోయేవారు.

అలాంటి రోజుల్లో ఆయన చిన్న కూతురు జసింత తాను కూడా సిస్టరవుతానన్నది. ఇరవై రెండేళ్ళ పిల్ల. తల్లి చిన్నప్పుడే పోతే అక్క చేతి మీద పెరిగింది. ఎక్కడ చేరతావని ఆమెను ఎవరూ అడగలేదు. ఆ ఆదివారం మెట్టపాలెం గుడిలో పూజ చివర ప్రకటనల్లో విచారణ గురువు ఫాదర్ చిన్నప్ప సంతోషంగా చెప్పేశారు: "మాస్టారింట్లో దేవుడు ఒక చోటు ఖాళీ చేశాడు, దేవుడే నింపుతున్నాడు." గుడంతా చప్పట్లు కొట్టిందని తర్వాత విన్నాను. జసింత తల వంచుకుని ముసుగు సర్దుకున్నది. ఇంటికి వచ్చాక మాస్టారు ఒక్క మాటే అన్నారు: "రెండో ఆదివారం ఆ బస్సు నాకు అలవాటేలే అమ్మా."

ఆ మాటలో ఏముందో ఆ పిల్లకు తెలుసు. ఆ బల్ల కుడి చివర మళ్ళీ ఒక కూతురు కూర్చోవాలి. ఆయన అడగలేదు, ఎప్పటికీ అడగరు. అందుకే కాదనడం ఆమెకు కష్టమైంది.

కానీ జసింత అప్పటికే మూడు మఠాలకు ఉత్తరాలు రాసింది. కొన్నాళ్ళు ఉండి చూసి, ఎక్కడ చేరాలో తనే తేల్చుకోవాలని. మూడు చోట్ల నుంచీ రమ్మనే జవాబు వచ్చింది. ముందు అక్క మఠానికి వచ్చింది. మదర్ ఫిలోమిన్ ఆమెను రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

"నీ నంబరు దాచి ఉంచాం తల్లీ. రెండేళ్ళుగా ఇరవయ్యేడు ఎవరికీ ఇవ్వలేదు. మంచం కూడా అలాగే ఉంచాం."

"నా నంబరెట్టా అయిద్ది మదర్? అక్కది గదా!"

"నువ్వు వేరు, అక్క వేరా?" అన్నది మదర్ ప్రేమగా.

పది రోజులు ఆ పిల్ల అక్కగా బతికింది. గుడిలో అక్క కూర్చున్న చోటే కూర్చోబెట్టారు. "అదే నడక" అన్నారు, "అదే దగ్గు" అన్నారు. ముసలి సిస్టరొకామె నోరు తిరగక రోజూ "లూర్దూ" అనే పిలిచేది. జసింత పలికేది. పదో రోజు మధ్యాహ్నం ఆమె అద్దాల బీరువా ముందు వచ్చి నిలబడింది. చీటీ చదివింది. నన్ను చూసింది. ఆమె ముఖంలో దుఃఖం కనబడుతుందనుకున్నాను. కనబడింది కోపం.

"మదర్, ఈ బీరువా తాళం ఎవరి దగ్గరుంటది?"

"ఎందుకమ్మా?"

"కంచం కావాలి. రేపు ఇంకో మఠానికి పోతన్నా. కంచం, గ్లాసు తెచ్చుకోమన్నారు."

ఇంకో మఠమన్న మాట మదర్‌కు మింగుడుపడలేదు. "అది జ్ఞాపకంగా పెట్టింది తల్లీ. నీకు కొత్తవి ఇస్తాను, రెండిస్తాను."

"మా నాన్న దీన్ని అన్నం తినటానికి కొన్నాడు మదర్. చూట్టానికి కాదు."

"జసింతా! ఏంటా కోపం?"

"ఇంకా సిస్టరుగా మాటపట్టు ఇవ్వలేదుగా మదర్, కోప్పడొచ్చు."

మదర్ ఫిలోమిన్ మంచి మనిషి. నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నడుముకున్న తాళాల గుత్తి తీసి బీరువా తెరిచింది. "వెళ్ళు. చూసుకునిరా. నంబరు మాత్రం ఇంకా ఎవరికీ ఇవ్వను" అన్నది.

"ఇచ్చెయ్యండి మదర్" అన్నది జసింత. చీటీని అక్కడే వదిలేసి, నన్ను పాత చీరముక్కలో చుట్టుకున్నది.

రెండోది ఊరికి దూరంగా ఉన్న మౌన మఠం. అక్కడి సిస్టర్లు గడప దాటరు. చుట్టాలు వస్తే ఊచల కిటికీకి అటూ ఇటూ కూర్చుని మాట్లాడాలి. భోజనం దగ్గర ఒకరు పుస్తకం చదువుతారు, మిగిలినవారు వింటూ తింటారు. నన్ను బల్ల మీద పెట్టిన చప్పుడుకే నలుగురు తలెత్తి చూశారు. జసింతకు అక్కడ ఎంతో బాగుంది. లూర్దు చెల్లెలివా అని అడిగేవాళ్ళు లేరు. పదిహేను రోజులయ్యాక అక్కడి మదర్ క్లార పిలిచింది. ఎనభై ఏళ్ళ మనిషి, కేరళ నుంచి వచ్చి ఇక్కడే ముసలిదైంది.

"ప్రార్థనలో ఏం వినబడింది నీకు?"

జసింత ఆలోచించింది. "ఏం వినపళ్ళేదు మదర్. నిద్ర బాగా పట్టింది."

ముసలామె పళ్ళు లేని నోటితో నవ్వింది. "నిద్ర కావలసినవాళ్ళకి నెల రోజులు చోటిస్తాం. జీవితం అంతా ఇవ్వం. మేలుకున్నాక ఇంకా ఇక్కడే ఉండాలనిపిస్తే రా."

మూడోది మఠమంటే ఎవరూ నమ్మరు. మాచర్ల రోడ్డులో, మిరపకాయల కోల్డు స్టోరేజి వెనక ఒక పెంకుటిల్లు. నలుగురు సిస్టర్లు. బస్టాండుల్లో, రైలు స్టేషన్లలో మతి చెడి తిరుగుతుంటే ఎవరో తెచ్చి అప్పగించిన ఆడవాళ్ళు ముప్పై ఆరుగురు. గాలిలో ఎప్పుడూ మిరప ఘాటు. రోజరీ జపం చెప్పేటప్పుడు మరియమ్మ పేరు దగ్గర ఎవరో ఒకరు తుమ్ముతారు.

మొదటి రోజు జసింత నన్ను కడిగి, తుడిచి, కిటికీలో విడిగా పెట్టుకున్నది. రాత్రి భోజనానికి వచ్చేసరికి నేను అక్కడ లేను. సామ్రాజ్యం అనే ఆమె ఒళ్ళో ఉన్నాను. యాభై ఏళ్ళ పొడుగాటి మనిషి, కత్తిరించిన జుట్టు. పప్పన్నం కలిపి గబగబా తింటోంది.

"అమ్మా, అది నా కంచం. నాకియ్యి" అన్నది జసింత.

"పోయే. తింటంటే లాక్కుంటావేందే?"

"అది మా అక్కది!"

"మీ అక్కేదీ? రమ్మను. వచ్చి తినమను."

జసింత అంచు పట్టుకుని లాగింది. సామ్రాజ్యం వదల్లేదు. పప్పన్నం నేల మీద ఒలికింది. సామ్రాజ్యం నన్ను తలపైకెత్తి, నా అడుగు చూసి గట్టిగా చదివింది. "ఇరవయ్యేడు! నీ పేరు ఇరవయ్యేడా? ఒసే, నీకు పేరన్నా పెట్టలేదంటే మీ వాళ్ళు!"

బంతిలో ముప్పై ఆరుగురూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో సగం మందికి తెలియదు. నలుగురిలో పెద్దదైన సిస్టర్ ఆగ్నెస్ గరిటె పట్టుకునే అన్నది: "ఇక్కడ కంచాలకు మనుషులుండరమ్మాయ్. ఎవరి చేతికి ఏది వస్తే అది. ఆకలి మీద ఉన్నావు, ఇంకోటి తీసుకుని కూర్చో."

జసింత నిలబడే ఉంది. నేను సామ్రాజ్యం చేతుల్లోంచి చూస్తున్నాను. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. వంగి, నేల మీద ఒలికిన అన్నం రెండు చేతులా ఎత్తింది. కొత్తన్నం తెచ్చి నాలో వడ్డించింది.

"నా పేరు జసింత" అన్నది.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా" అన్నది సామ్రాజ్యం. అంతా తిని, చూపుడు వేలితో నా అంచు చుట్టూ తుడిచి నాకింది. జసింత ఆ వేలినే చూస్తూ గోడకానుకుని కూర్చుంది. అక్క పోయాక ఆ పిల్ల గొంతెత్తి ఏడవడం, నవ్వడం అక్కడే చూశాను. రెండూ ఒకేసారి.

నెల గడిచింది. ఆమె సామ్రాజ్యం తలలో పేలు తీసింది, దుప్పట్లు ఉతికింది, రెండుసార్లు చెంపదెబ్బ తిన్నది. నెలాఖరుకు నిద్రలో నిశ్చింత లేదు, మెలకువలో సందేహం లేదు. చెప్పడానికి ఇంటికి బయల్దేరుతూ, సామ్రాజ్యాన్ని బతిమాలి రెండు రోజులకని నన్ను అడిగి తీసుకున్నది.

మెట్టపాలెంలో ఫాదర్ చిన్నప్ప మాస్టారింటి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"అంత పెద్ద మఠం, బళ్ళు, ఆసుపత్రులు! నీ కోసం నంబరు కూడా ఆపి ఉంచారు. అది వదిలి పెంకుటింట్లో, మతి లేనోళ్ళ మధ్యకు పోతానంటావా? దేవుడు చోటు చూపిస్తుంటే కాదంటావా?"

"ఫాదర్, ఆ చోటు అక్కది. అది ఖాళీగా ఉందని మీరంతా దేవుడి పిలుపనుకున్నారు. ఖాళీగా ఉంటే ఉండనీయండి. అక్క పోయింది ఫాదర్. నేను పోయి కూర్చుంటే అక్క పోనట్టు అయిద్దా?"

'పోయింది' అన్న మాట ఆ ఇంట్లో రెండేళ్ళలో ఎవరూ అనలేదు. ఫాదర్ మాస్టారి వైపు తిరిగారు. "మీరైనా చెప్పండి మాస్టారూ."

మాస్టారు నన్ను ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఆయన బొటనవేలు నా అడుగున చుక్కల మీద తిరుగుతోంది. రెండు, ఏడు. రెండు, ఏడు. నా మీద పడ్డ కొత్త గీతలు, ఒక చిన్న సొట్ట ఆయన చూశారు. తలెత్తి కూతుర్ని అడిగారు.

"రెండో ఆదివారం అక్కడికి బస్సుందా?"

"ఉంది నాన్నా. మాచర్ల బస్సు. దిగినాక కొంచెం నడవాలి."

"నడుస్తా" అన్నారు మాస్టారు.

ఫాదర్ చిన్నప్ప కుర్చీ సర్దుకున్నారు, కాఫీ తాగారు, లేచి జసింత తల మీద చెయ్యి పెట్టి దీవించారు. వచ్చే ఆదివారం ప్రకటనల్లో ఏం చెప్పాలో ఆలోచిస్తూ వెళ్ళారు.

ఆ నెల రెండో ఆదివారం మాస్టారు జంతికల పొట్లంతో పెంకుటింటికి వచ్చారు. ఆ ఇంట్లో ముందుగది లేదు, బల్ల లేదు. జంతికలు గడప దాటకుండానే అయిపోయాయి. కూతురు చేతులకు పిండి, పలకరించి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. బంతిలో సామ్రాజ్యం నన్ను పట్టుకుని తింటోంది. మాస్టారు ఆమె ఎదురుగా నిలబడి నన్నే చూశారు.

"ఏం మాస్టారూ, నీక్కూడా ఇదే కావాల్నా? ఇంటిల్లిపాదికీ ఇదే పిచ్చా? కూర్చో. నాదయినాక ఇస్తా."

మాస్టారు ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. ఎదురుచూశారు. సామ్రాజ్యం తిని, అంచు తుడిచి నాకి, కడిగి, తడి తడిగానే ఆయన చేతికిచ్చింది. జసింత వడ్డించింది. ఆయన తిన్నారు. లూర్దు మేరి పోయాక ఆయన నన్ను చూస్తూ టీ మాత్రమే తాగడం నాకు తెలుసు. ఆ రోజు మారన్నం అడిగి వేయించుకున్నారు. తిన్నాక బావి దగ్గర తానే కడిగి, దొంతరలో బోర్లించారు. నా మీద ఒకామె కంచం, దాని మీద ఇంకొకామె కంచం వచ్చి పడ్డాయి. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పటి నుంచి నేను ఆ దొంతరలోనే ఉన్నాను. ఒక పూట ఒకరి చేతికి, ఇంకో పూట ఇంకొకరి చేతికి. మెరుపు పోయింది, సొట్టలు నాలుగయ్యాయి. నన్ను మళ్ళీ అద్దాల వెనక నిలబెట్టాలని ఎవరికైనా అనిపిస్తే రావచ్చు. ఒక్కొక్క కంచమూ ఎత్తి, అడుగు చూసి, వెతుక్కోవాలి. అయితే భోజనాల వేళ రాకండి. ఆ వేళ నేను ఎవరి ఒళ్ళో ఉంటానో, వాళ్ళు మిమ్మల్ని ముట్టుకోనివ్వరు.