రంగు పోయిన నీళ్లు

పొద్దుగాల్నుంచి నా కాలు ఒక్క తాన నిలుస్తలేదు. దుకాణంల కుల్చారం పెండ్లోళ్ల చున్నీలు ఆరేసుడు, వెనకకు పోయి డ్రమ్ము చూసుడు, మళ్ల ముందటికొచ్చుడు. కాలుగాలిన పిల్లి లెక్క తిరగకే అని మా ఆయన మన్సూర్ కసిరిండు. కాలింది నా కాలు కాదు, మోటరు.

మేం బట్టలకు రంగులేసేటోళ్లం. రంగునీళ్లు మోరికాలువల కనవడితే షెడ్డు ఖాళీ చెయ్యాలె అని ఓనరు రాంచందర్ పటేలు పోయిన వానకాలంల తెగేసి చెప్పిండు. అప్పుడు మా అక్క బిడ్డ ఆఫ్రీన్, కంటికి కనవడని పురుగుల చదువు చదివిన పిల్ల, వెనక ఒక డ్రమ్ము, ఒక తొట్టి పెట్టిచ్చింది. మూత బిగిచ్చిన డ్రమ్ముల పెండనీళ్లు, బెల్లం పోస్తే అందుల పుట్టే పురుగులు రంగును తింటయి. నీళ్లు తెల్లగైతయి. గంతటితోటి అయిపోలే. రంగు విరిగి ఇంకోటైతది. అది కంటికి కనవడది, రంగుకన్న చెడ్డది. దాన్ని తినే పురుగులు తొట్టిల ఉంటయి. వాటికి మోటరు ఎడతెగకుంట గాలి కొట్టాలె. తొట్టి దాటని నీళ్లు చుక్క గూడ విడువొద్దు ఖాలా అని ఆఫ్రీన్ నాతోటి ఒట్టు వెట్టిచ్చుకున్నది.

మొన్న మోటరు కాలి వైండింగ్‌కు పోయింది. గాలి లేక తొట్టి కంపు గొట్టవట్టింది. డ్రమ్ముల నీళ్లేమో తేరుకొని తేటగున్నయి. ఇయ్యాల పటేలు చూసిపోతనన్నడు. మా ఆయన డ్రమ్ముకు పైపు తగిలిచ్చి సీదా మోరిల పెట్టిండు. ఇదేందయ్యా అంటే, రంగు లేదు కదనే, ఎవలకేం దెలుస్తది అన్నడు. కోపానికి నా నెత్తి ఉడికిపోయింది.

మా మోరి పోయేది రాజమణక్క పాలకూర మడి పక్కపొంటి. బోరెండినంక ఆమెకు ఆ నీళ్లే దిక్కు. నీళ్లు ఎర్రగనో నీలంగనో వస్తే మమ్ముల నాలుగు తిట్టి, మట్టిపెడ్డ పెట్టి మడికాలువ మూస్తది. తెల్లగొస్తే తీస్తది. గంతే ఆమె లెక్క. ఈ నీళ్లకు గూడ ఆమె కాలువ తీస్తది.

పటేలు వచ్చిండు. డ్రమ్ము మూత తీపిచ్చి, మగ్గుతోటి నీళ్లు ముంచి ఎండకు పెట్టి చూసిండు. శభాష్ మన్సూర్, ఇంక షెడ్డు గురించి ఫికరు చెయ్యకు అన్నడు. తొట్టి మోటరు కాలింది, ఈ నీళ్లు ఇంక మంచిగ కాలే పటేల్ సాబ్ అని నేనన్న. ఇంత తేటగుంటే ఇంకేం గావాలమ్మా అని నవ్విండు. విడువు, మోరిల గూడ చూస్త అన్నడు. మా ఆయన చెయ్యి వాల్వు మీదికి పోయింది.

నాకింకేం తోచలే. పక్కనున్న ఎర్ర రంగు డబ్బాల చెయ్యి వెట్టి, పిడికెడు పొడి తీసి డ్రమ్ముల కొట్టిన. చూస్తుండంగనే నీళ్లన్ని ఎర్రగైనయి.

పటేలు రెండడుగులు వెనకకు జరిగిండు. పిచ్చిగిన లేసిందా అన్నడు.

"ఇప్పుడు విడువమనుండ్రి, పటేల్ సాబ్," అన్న. "విషం ఇందాక గూడ ఉండె. ఇప్పుడు కనవడుతుంది, గంతే."

మోటరు వచ్చేదాక పని బంద్ వెట్టుండ్రి, చుక్క మోరిలకొస్తే ఆ దినమే ఖాళీ అని పటేలు చెప్పి పోయిండు. పెండ్లోళ్ల పని గూడ పాయె. మా ఆయన తిడతడనుకున్న. తిట్టలే. వాల్వు ఇంకింత గట్టిగ బిగిచ్చిండు.

"జైనాబ్," అన్నడు, "నిన్న పొద్దుగాల ఒక డ్రమ్ము నీళ్లు మోరిలకు విడిచిన."

చెప్పులు గూడ ఏసుకోకుంట ఉరికిన. రాజమణక్క మడిల కూసోని పాలకూర కోస్తుంది. పక్కన గంప సగం నిండింది. నన్ను చూసి నవ్వింది. మమ్ముల చూసి ఎన్నడు నవ్విన మనిషి కాదు.

"రా చెల్లె," అన్నది. "నిన్న మీ నీళ్లు మస్తు తేటగొచ్చినయి. మడి నిండ పెట్టుకున్న. ఇంకెన్నడు మిమ్ముల తిట్టను."

నాకు ఏడుపు ఆగలే. గంప మీద రెండు చేతులు అడ్డం వెట్టిన.

"తిట్టు అక్కా," అన్న. "నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. గీ కూర మాత్రం అమ్మకు."