గ్రూపు ఫోటోకి ఒక రిమోటు

ఇరవై రెండేళ్ళు స్టాఫు గ్రూపు ఫోటో తీసిన మనిషి పోతే, సంతాపసభలో పెట్టడానికి స్కూల్లో ఆయన ఫోటో ఒక్కటీ దొరకలేదు. చివరికి ఐడీ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి బల్ల మీద నిలబెట్టారు. ఎడమ చెవి మీద స్కూలు స్టాంపు అలాగే ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని హెడ్మాస్టరు, డ్రాయింగు మాస్టారు లేని లోటు తీరేది కాదని పావుగంట చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న లెక్కల టీచరు, అంటే పోయినాయన భార్య, ఆ పావుగంటా భర్త చెవినే చూస్తూ కూర్చుంది.

ఐదు నెలల తర్వాత హెడ్మాస్టరు ఆమెను గదికి పిలిపించాడు.

"గ్రూపు ఫోటో వచ్చే శుక్రవారం పెట్టుకుందామమ్మా. కెమెరా మీ ఇంట్లోనే ఉంది కదా, మీరే తీసెయ్యండి. మాస్టారి చెయ్యి మీకూ కాస్త వచ్చే ఉంటుంది."

"నేను తీస్తే ఫోటోలో నేనుండను సార్."

"ఒక్కరు లేకపోతే కొంపలేం మునగవు లెండి. మాస్టారు ఎప్పుడైనా అడిగారా?"

అడిగాడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక్కసారి. కెమెరాను స్టాండు మీద పెట్టి, పది సెకన్ల టైమరు నొక్కి, బెంచీల దగ్గరికి పరిగెత్తాడు. మోకాలి నొప్పి ఉన్న మనిషికి పది సెకన్లు చాలలేదు. ఫోటోలో ఆయన వీపు, గాల్లో ఒక కాలు పడ్డాయి. ఇంకొక్కసారి చూస్తానన్నాడు. ఇదే హెడ్మాస్టరు అప్పుడు మెడ తుడుచుకుంటూ, "ఒక్కరి కోసం ఇంతమందిని ఎండలో నిలబెడతామా మాస్టారూ? మీరక్కడే ఉండి తీసెయ్యండి" అన్నాడు. అందరూ నవ్వారు. రెండో వరసలో నిలబడి ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

"శుక్రవారం తీద్దాం సార్. ఫోటోలో నేనూ ఉంటాను" అని బయటికి వచ్చేసింది.

రిమోటు కొందామని కెమెరా షాపుకి బయల్దేరితే, మరిది పిలవని పేరంటానికి వచ్చినట్టు వెంట వచ్చాడు. అన్న బతికుండగా ఆ కెమెరా సంచీ ఎత్తి పక్కన పెట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు ఫోన్లో మూడు వీడియోలు చూశాడు. మూడు వీడియోలు చూసినవాడికి ఇక తెలియనిదేముంటుంది!

"వదినా, దీనికి డబ్బు తగలెయ్యడం దేనికి? ఫోన్లో యాప్ వేసుకుంటే ఫోనే రిమోటు" అన్నాడు లోపలికి అడుగుపెడుతూనే.

కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న షాపాయన తల అడ్డంగా ఊపాడు. "పనిచేస్తుంది గానీ మేడమ్, మధ్యలో కనెక్షను తెగితే మళ్ళీ మొదటికొస్తుంది."

"అయితే ఇదిగో, ఇది తీసుకో." మరిది అగ్గిపెట్టెంత రిమోటు ఒకటి ఎత్తి చూపించాడు. "చవక. యూనివర్సల్ అని రాసే ఉంది."

ఆమె షాపాయన్నే అడిగింది. "ఇది ఎండలో పనిచేస్తుందా?"

"ఇది టీవీ రిమోటు లాంటిది మేడమ్. కెమెరా ముందుకి గురిపెట్టి నొక్కాలి. గదిలో ఇబ్బంది లేదు. ఎండలో కష్టం."

"ఎంత దూరం నుంచి?"

"నాలుగైదు మీటర్లు."

"మేం ఇరవై ఆరుగురం, మూడు వరసలు. కెమెరా పది మీటర్లు వెనక్కి జరగాలి."

"అయితే రేడియోది తీసుకోండి." రెండు ముక్కలు బల్ల మీద పెట్టాడు. ఒకటి కెమెరా నెత్తిన కూర్చుంటుంది, దాని తీగను కెమెరా పక్కనున్న రంధ్రంలో గుచ్చాలి. రెండోది చేతిలో ఉంటుంది. గురి చూడనక్కర్లేదు, చెయ్యి వెనక పెట్టుకుని నొక్కినా చాలు.

"పిన్ను అన్నిటికీ ఒకటే వదినా, కళ్ళు మూసుకుని తీసేసుకో" అన్నాడు మరిది.

ఆమె సంచీలోంచి కెమెరా తీసింది. మొదటి తీగ పట్టలేదు. రెండోదీ పట్టలేదు. మూడోది టిక్కున దిగింది. మరిదికి ఆ క్షణంలోనే గోడకి వేలాడే సంచీల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది.

కెమెరాను వీధివైపు తిప్పి పెట్టించి, ఆమె రోడ్డు దాటి మందుల షాపు ముందు నిలబడింది. చెయ్యి వెనక పెట్టుకుని నొక్కింది. లోపల్నుంచి షాపాయన పడిందన్నట్టు చెయ్యెత్తాడు. వెనక్కి వచ్చి చూసుకుంది. కెమెరా వెనక భర్త లేడన్న సంగతి ఫోటోలో ఆమె మొహం మీద తెలుస్తూనే ఉంది.

"ఇదే ఇవ్వండి" అంది.

శుక్రవారం బెంచీలు వేశారు. ఆమె స్టాండు నిలబెట్టి, మూడు వరసలూ సరిచూసుకుని, వచ్చి రెండో వరసలో డ్రిల్లు మాస్టారి పక్కన నిలబడింది. ముందు వరసలో నడిమి కుర్చీలోంచి హెడ్మాస్టరు వెనక్కి తిరిగాడు.

"ఏదమ్మా ఆ మిషను? ఇటివ్వండి. నేనుండగా మీరు నొక్కడమేమిటి?"

"ఇచ్చెయ్యండి టీచర్, లేకపోతే పొద్దుగూకేదాకా ఇక్కడే" అని గొణిగాడు డ్రిల్లు మాస్టారు.

ఆమె ఇచ్చింది. "సగం నొక్కి ఒక్క క్షణం ఆగండి సార్, ఫోకస్ అవుతుంది. అప్పుడు పూర్తిగా నొక్కండి. చేతికేసి కాదు, కెమెరాకేసి చూడండి."

"నాకా చెబుతున్నారు? మా ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా టీవీ రిమోటు నా చేతిలోనే ఉందమ్మా!"

"ఆ ఇంట్లో ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే" అన్నారెవరో వెనక వరసలో. కిసుక్కుమన్నారు.

హెడ్మాస్టరు చెయ్యి చాచి నొక్కాడు. చెయ్యి దగ్గరికి తీసుకుని నొక్కాడు. అటు తిప్పి, ఇటు తిప్పి నొక్కాడు. నాలుగుసార్లు క్లిక్కుమంది.

"అయిపోయె. దీనికేనా ఇంత హడావిడి?" అని లేచాడు.

అంతా కెమెరా చుట్టూ మూగారు. నాలుగు ఫోటోల్లోనూ ఇరవై ఐదు మొహాలు తిన్నగా, స్పష్టంగా ఉన్నాయి. నడిమి కుర్చీలో మాత్రం మొహం లేదు. ఎండకి మెరిసే బట్టతల ఉంది. నాలుగుసార్లూ హెడ్మాస్టరు గడ్డం గుండెకి ఆనించి, అరచేతిలో వైకుంఠం కనిపిస్తున్నట్టు చూసుకుంటున్నాడు.

"ఇది పనికిరాదు. మళ్ళీ తీద్దాం. ఎక్కండి, ఎక్కండి!"

ఎవరూ కదల్లేదు. ఆమె రిమోటు కోసం చెయ్యి చాచింది. హెడ్మాస్టరు ఇచ్చాడు. దాన్ని సంచీలో పెట్టి జిప్పు లాగింది.

"మిగతావాళ్ళం బాగానే పడ్డాం సార్. ఒక్కరి కోసం ఇంతమందిని ఎండలో నిలబెడతామా?"

హెడ్మాస్టరు ఎండ నిజంగానే ఎక్కువగా ఉందని ఒప్పుకుని, ఆఫీసుగది వైపు నడిచాడు. ఆ మాట తనదేనని అతనికి గుర్తు రాలేదు. అంతపాటి మనిషి.

డ్రిల్లు మాస్టారికి గుర్తొచ్చింది. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది తనే. ఇప్పుడు నవ్వకుండా స్టాండు దగ్గరికి వెళ్ళి వంగాడు.

"ఇది నేను మోసుకొస్తాను టీచర్."

రెండు కాళ్ళు ముడుచుకున్నాయి. మూడోది మొరాయించింది. దాన్ని కొంచెం ఎడమకి తిప్పి నొక్కాలి, ఆమె భర్త అలాగే చేసేవాడు. డ్రిల్లు మాస్టారు మోకాలు ఆనించి, పళ్ళు బిగించి లాగుతున్నాడు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని, అతనికి చెమట పట్టేదాకా చూసింది.

"ఎడమకి తిప్పండి" అంది అప్పుడు.