మగ్గం మీదున్నది ఎవరిది

జాకెట్లకు మగ్గం పని చేసేవాళ్ళు ఎవరైనా సరే, ఫోనెత్తగానే ఒకటే మాట అంటారు. "మీదే మగ్గం మీదుందండీ." నరసరావుపేటలో అబిదా ఆ మాట రోజుకు ఎంతమందితో అనేదో ఆమెకే లెక్క తెలియదు. నకరికల్లు ఆవిడ ఫోన్ చేస్తే ఆవిడదే మగ్గం మీదుంది. ఈపూరు ఆవిడ చేస్తే ఆవిడదీ మగ్గం మీదే ఉంది. ఇంట్లో ఉన్నది మంచమంత మగ్గం ఒక్కటి, దాని మీద ఒకసారికి పట్టేది ఒక్క గుడ్డ. అయినా అది అబద్ధమని అబిదా ఎన్నడూ అనుకోలేదు. పప్పు నిండుకున్నప్పుడు కొట్టతను "సాయంత్రానికి వస్తది" అంటాడు చూడండి, అలాంటి మర్యాద మాటే అనుకునేది.

పని రాక కాదు. గుడ్డను చట్రానికి బిగించి, మెడా చేతులూ గీసుకుని, సూదితో జరీ, పూసలు ఎక్కించిందంటే ఆమె చేతికి వంక పెట్టినవాళ్ళు లేరు. వచ్చిన చిక్కల్లా కూర్చోవడం దగ్గరే. దుకాణం బజార్లో ఉంటే తాళం తీసిన దగ్గర్నుంచి వేసేదాకా పనే. ఇల్లే దుకాణమైతే అందరికీ లోకువ. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అంటూ ఒకరు గ్యాసు బండ దింపించుకోమంటారు, ఇంకొకరు పిల్లాణ్ణి వదిలేసి ఆసుపత్రికి పోతారు. ఎవరూ రాని రోజున అబిదా తనంతట తనే లేచేది. నీళ్ళు తాగడానికని లేచి, బియ్యం డబ్బా తుడిచి, ఫోన్లో ఎవరివో పెళ్ళి వీడియోలు చూసి, మళ్ళీ సూది పట్టుకునేసరికి ఎండ గోడ దాటిపోయేది. ఏ పనీ కాకుండానే ఒళ్ళు పులిసిపోయే అలసట ఒకటుంటుంది. పడినవాళ్ళకే అది తెలుస్తుంది.

దారిలో పడదామని ప్రయత్నం చెయ్యకపోలేదు. సొంత వ్యాపారం చేసేవాళ్ళు తెల్లవారుజామునే లేవాలని ఫోన్లో ఏదో వీడియోలో కోటేసుకున్న పెద్దమనిషి చెప్పాడు. లేచింది. పదింటికల్లా మగ్గం మీదే తలపెట్టి నిద్రపోయింది. మొగుడు సాదిక్ అన్నానికి వచ్చి చూస్తే చెంప నిండా పూసల అచ్చులు. ఆ పెద్దమనిషికి వంట చేసిపెట్టేవాళ్ళు ఎవరో ఉండే ఉంటారు.

అలాంటి రోజుల్లోనే వెన్నెల పెళ్ళి కుదిరింది. వెన్నెల పక్కింటి ఆరోగ్యమ్మ కూతురు. అబిదా కొత్తకోడలిగా ఆ సందులోకి వచ్చినప్పుడు వెన్నెల బడికి పోయే పిల్ల. మగ్గం కింద కూర్చుని రాలిన పూసలు ఏరిపెట్టేది. "నీ పెళ్ళి జాకెట్టు నేనే చేస్తానే" అని అబిదా అప్పుడెప్పుడో అంటే, ఆ పిల్ల దాన్ని వేదవాక్కులా పట్టుకుంది. నర్సింగు చదివి గుంటూరు ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాక కూడా తోటి నర్సులందరికీ అదే చెప్పుకుంది.

క్రిస్మస్ వెళ్ళగానే ఆరోగ్యమ్మ తెల్లపట్టు గుడ్డ తెచ్చి అబిదా చేతిలో పెట్టింది. ఆవిడ అంగన్‌వాడీ టీచరు, ఏ మాటైనా పిల్లలకు చెప్పినట్టే చెబుతుంది.

"ఈస్టరు ముందు ఉపవాసాల శ్రమదినాల్లో మేం పెళ్ళిళ్ళు చెయ్యం గదా. ఈస్టరు దాటాక పెట్టుకున్నాం. చానా టైముంది నీకు, నిదానంగా చెయ్యి."

ఆ చానా టైమే కొంప ముంచింది.

తెల్లగుడ్డ మీద తెల్లపూసల పని. చెమట చెయ్యి తగిలితే మరక, సూది తప్పితే చిల్లు, విప్పి మళ్ళీ కుడదామంటే గుర్తు పోదు. అబిదా చేతులు కడుక్కుని, తుడుచుకుని, గుడ్డ బయటికి తీసేది. చూసేది. మళ్ళీ కవర్లో పెట్టేసేది. ఈ జాకెట్టు తను చేసినవాటన్నిటికంటే బాగుండాలి. అంత గొప్ప పని మొదలుపెట్టడానికి ఏ రోజూ ఆమెకు సరిపోలేదు. ఒకరోజు తలనొప్పి, ఒకరోజు ఉక్క, ఒకరోజు కరెంటు లేదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఆమెకో ఉపాయం తట్టింది. ఫోనును స్టాండుకు తగిలించి, మగ్గం మీదికి తిప్పి, యూట్యూబులో లైవ్ పెట్టింది. చేతులూ గుడ్డా తప్ప ఇంకేమీ కనపడవు. పదిమంది చూస్తుంటే మధ్యలో లేచిపోవడానికి సిగ్గేస్తుంది గదా అనుకుంది. నిజంగానే పనిచేసింది. గ్యాసు బండ వాకిట్లోనే ఉండిపోయింది, బియ్యం డబ్బా దుమ్ముకొట్టుకుంది, చెయ్యి మాత్రం ఆగలేదు. ఇంతకాలానికి దారిలో పడ్డానని అబిదా ఎంత సంబరపడిందో.

ఆ సంబరం నకరికల్లు ఆవిడ ఫోన్ చేసేదాకే.

"ఏందమ్మాయ్, నాదే మగ్గం మీదుందన్నావు. నేను ఫోన్లో చూస్తానే ఉన్నా. ఆడ ఉంది పచ్చ గుడ్డ. నాది మెరూను గదా?"

ఊళ్ళో అందరికీ తన మగ్గం కనపడేట్టు తనే తలుపులు తెరిచి పెట్టిందని అబిదాకు అప్పుడు తట్టింది. లైవ్ ఆపేస్తే మళ్ళీ మామూలే. అందుకని ఇంకో తెలివితక్కువ పని చేసింది. ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళ గుడ్డను మర్నాడు మగ్గానికి ఎక్కించి, లైవ్‌లో ఒక పువ్వు కుట్టి చూపించి దింపేసేది. నకరికల్లు ఆవిడ గుడ్డకు ఒక పువ్వు, ఈపూరు ఆవిడ గుడ్డకు ఒక నెమలి తల. అందరూ నెమ్మదించారు. పూర్తయిన జాకెట్టు మాత్రం ఇంట్లోంచి ఒక్కటీ బయటికి పోలేదు. బిగించడం, దింపడంతోనే నడుం విరిగిపోయేది.

సాదిక్ బళ్ళు బాగుచేసే మనిషి. ఇంట్లో వేలాడుతున్న గుడ్డలన్నీ ఒకరోజు కలయజూసి అన్నాడు. "నీ కాడ అన్నీ విప్పిపెట్టిన బళ్ళేనే. రోడ్డెక్కేది ఒక్కటీ లేదు."

అబిదాకు ఒళ్ళు మండింది. నిజం చెబితే మండదూ!

ఆ ఏడాది రంజాన్ రోజాలూ శ్రమదినాలూ ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. ఇటు అబిదా ఉపవాసం, అటు ఆరోగ్యమ్మ ఉపవాసం. పల్నాడు ఎండ అప్పుడే మాడు పగలగొడుతోంది. అంత ఎండలోనూ అబిదా చుక్క నీరు ముట్టకుండా నెలంతా నిలబడింది. మనసు గట్టిది కాదనడానికి లేదు. ఆకలిని ఆపుకోగలిగిన మనిషి ఒక తెల్లగుడ్డ ముందు కూర్చోలేకపోవడం ఏమిటో ఆమెకే అర్థం కాలేదు. ఆకలి తన ఒంటిది, ఓర్చుకుంటే అయిపోతుంది. ఆ గుడ్డ చెడితే చెడేది వెన్నెల పెళ్ళి. భయం అది. దానికి బద్ధకం అని పేరు పెట్టుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది, అంతే.

రంజాన్ పండగ దగ్గర పడ్డప్పుడు ఆరోగ్యమ్మ గోడ మీంచి అడిగింది. "ఏమే, మనది ఇంకా ఫోన్లో కనపడలేదంటంది వెన్నెల?"

"తెల్లదాని మీద తెల్లది కెమెరాకి ఆనదు పిన్నీ. అందుకే లైవ్ ఆపేశాక చేస్తన్నా" అంది అబిదా. ఎంత చక్కగా అతికిందో ఆ మాట! ఆరోగ్యమ్మ నమ్మినట్టే కనపడింది. మగ్గం మీదుందని అందరికీ చెప్పే మర్యాద మాట కాదిది. కూర్చుని అల్లిన అబద్ధం. అబిదాకు ఆ పూట రోజా విప్పాక ఖర్జూరం కూడా చేదుగా తోచింది.

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారానికి వెన్నెల సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. ప్రార్థన అయ్యాక గుడి నుంచి నేరుగా అబిదా ఇంట్లోకి వచ్చి, చిన్నప్పటిలా మగ్గం పక్కన చతికిలబడింది. అబిదా గబగబా లైవ్ ఆపేసింది.

"అక్కా, తెల్లది చూపియ్యి. మెడ మీద పెట్టుకుని ఒక్కసారి చూసుకుంటా."

"ఇంకా కాలేదే."

"అయినకాడికే చూపియ్యి."

అబిదా బీరువా తలుపు తీసి కవరు తెచ్చి ఇచ్చింది. నోటితో చెప్పే ధైర్యం లేక అలా ఇచ్చేసింది. వెన్నెల గుడ్డ బయటికి తీసింది. కొట్లో వేసిన మడతలు వేసినట్టే ఉన్నాయి. ఆ పిల్ల దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. తెల్లదాని మీద తెల్ల పని కనపడదు గదా అనుకుందేమో, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టి, మెడ వచ్చేచోట వేళ్ళతో తడిమి చూసింది.

అబిదా జన్మలో మరిచిపోలేని చూపు అది. తిట్టినా బాగుండేది.

"అమ్మ అననే అన్నదక్కా, అది మొదలెట్టలేదేమోనని. నేనే అమ్మని కసురుకున్నా" అంది వెన్నెల.

"ఇప్పుడే బిగిస్తా. ఇంకా టైముందే. మిగతావన్నీ పక్కన పడేసి ఇదొక్కటే చేస్తా. నా మాట నమ్మవే."

"చేస్తావక్కా. నువ్వు కూర్చుంటే చేస్తావు." వెన్నెల గుడ్డను నెమ్మదిగా మడత పెట్టింది. "కానీ పెళ్ళిదాకా రోజూ నేను నమ్ముకుంటా ఉండాలి గదా. ఇంక నాకు ఓపిక లేదక్కా. మల్లమ్మ సెంటర్లో మిషను మీద చేస్తారు, ఒక్క రోజులో ఇచ్చేస్తారంట."

గుడ్డ తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు అబిదా లైవ్ పెట్టలేదు. మెరూను గుడ్డ బిగించి కూర్చుంది. ఎవరూ చూడకుండా చేసే పని ఎంత బరువో అప్పుడు తెలిసింది. లేచింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది, గుమ్మం దాకా పోయి తిరిగొచ్చింది. సాయంత్రానికి ఒక చెయ్యి పూర్తయింది. అందులో సంతోషమేమీ లేదు, అయిపోయింది అంతే. నాలుగు రోజులు అలాగే ఈడ్చాక ఆ జాకెట్టు నకరికల్లు బస్సెక్కింది.

ఆరోగ్యమ్మ మాత్రం మాట్లాడ్డం మానేసింది. గోడ అవతల బట్టలారేస్తూ కూడా ఇటు తల తిప్పేది కాదు. పెళ్ళికి పోవాలా వద్దా అని అబిదా కొట్టుమిట్టాడుతుంటే చికెన్ కొట్టు మౌలాలీ ఎదురొచ్చి చెప్పాడు. "కోళ్ళన్నీ నన్నే హలాలు చేసి కొయ్యమంది ఆరోగ్యమ్మ. మీ ఇంటోళ్ళు తినాలంట గదా." ఆ మాటకు అబిదా నడిబజార్లోనే కళ్ళు తుడుచుకుంది.

పెళ్ళికి వెళ్ళింది. తెల్లచీరలో వెన్నెల నిజంగానే వెన్నెలలా ఉంది. జాకెట్టు బాగుంది. మిషను పని, ఏ పూసకు ఆ పూస కొలిచి పెట్టినట్టుంది. తన చెయ్యి పడకపోతే ఆ పెళ్ళికి ఏదో వెలితి ఉంటుందని అబిదా లోలోపల అనుకుంటూ వచ్చింది. ఏ వెలితీ లేదు. అది ఆమెను అన్నిటికంటే ఎక్కువ నొప్పించింది.

గుడి ఆవరణలో షామియానా కింద భోజనాలు. అబిదా ఒక చివర కూర్చుంది. పెళ్ళికొడుకు మేనత్తను వెంటబెట్టుకుని ఆరోగ్యమ్మ వచ్చింది.

"జాకెట్టు ఎవరు చేశారని అడిగారు గదా వదినా. ఇదిగో, మా అబిదానే" అంది.

అబిదా బిత్తరపోయి చూసింది. ఆరోగ్యమ్మ ఆమె వైపు చూడనే లేదు.

మేనత్త మురిసిపోయింది. "ఎంత సమంగా ఉందమ్మా! చేత్తో చేసినట్టే లేదు, అచ్చం మిషను మీద చేసినట్టుంది. చానా రోజులు పట్టిందేమో?"

కాదంటే వియ్యాలవారి ముందు ఆరోగ్యమ్మ తల దించుకోవాలి. అవునంటే తను ఏ మొహంతో అనాలి?

"చానా రోజులు పట్టిందండీ" అంది అబిదా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళికూతురి మీద ప్రేమ అనుకుని మేనత్త భుజం తట్టింది.

"మా అమ్మాయికీ ఒకటి చేసిపెట్టాలి. గుడ్డ పంపిస్తా."

అలవాటు చొప్పున "పంపండి" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అబిదా దాన్ని మింగేసింది. "ఇప్పుడు ఒప్పుకోలేనండీ. మొదలెట్టి వదిలేసినవి ఇంటి నిండా ఉన్నయ్. అవి పూర్తిచేసి ఇచ్చేదాకా కొత్తవి పట్టుకోను."

మేనత్త కాస్త చిన్నబుచ్చుకుని అటు వెళ్ళిపోయింది. ఆరోగ్యమ్మ కదలకుండా అక్కడే నిలబడింది. ఆ ఆదివారం తర్వాత మొదటిసారి అబిదా మొహంలోకి చూసింది.

"ఏమే, నీ కోసం అబద్ధమాడాననుకోమాక. నా బిడ్డ ఊరంతా చెప్పుకుంది, మా అబిదక్కే చేస్తదని. దాని మాట పోగూడదని ఆడా."

"తెలుసు పిన్నీ" అంది అబిదా.

ఆరోగ్యమ్మ వడ్డించే కుర్రాణ్ణి కేకేసి, వాడి చేతిలో గరిటె తీసుకుని అబిదా విస్తట్లో కూర వేసింది. వేసి, పక్క వరుసలోకి వెళ్ళిపోయింది.